చేతులు మాట్లాడేటప్పుడు చూపు ఎక్కడ ఉండాలి

విజయవాడ,
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి మాష్టారు ఆశీస్సులు.

నువ్వు సంజ్ఞలతో మాట్లాడి పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. అడిగిన భాషలోనే జవాబు చెప్పడం మర్యాద. అయినా ఈసారి కాగితం మీద రాస్తున్నాను. ఇది మీ అమ్మగారు, నాన్నగారు కూడా చదవాలి. వాళ్ళకు మన బధిరుల సంజ్ఞా భాష రాదు, తెలుగు మనందరికీ వచ్చు.

నువ్వు ముఖ్యంగా మూడు విషయాలు అడిగావు. గుంటూరులో ఒక నాటక సమాజం వాళ్ళు కొత్త నాటికలో మూగపిల్ల వేషం ఇస్తామన్నారు, ఒప్పుకోవాలా? బ్యాంకు పరీక్షకు చదవమని నాన్నగారు అంటున్నారు, నీకేమో ఢిల్లీ వెళ్ళి సంజ్ఞా భాష బోధనలో డిప్లొమా చేయాలని ఉంది, ఏది మంచిది? నాటకాన్ని నమ్ముకుని బతకగలనా?

చివరిదానికి ముందు చెబుతాను. బతకలేవు. మన ప్రాంతంలో వినగలిగిన నటులే నాటకం మీద బతకడం లేదు. నాటక పోటీలు జరిపే పరిషత్తుల్లో బహుమతుల మీద బహుమతులు తెచ్చుకున్నవాళ్ళు పగలు బడిలో పాఠాలు చెప్పారు, బీమా కార్యాలయాల్లో, రైల్వేలో గుమాస్తాలుగా పనిచేశారు, చీకటి పడ్డాక రిహార్సల్స్‌కు వచ్చారు. మీ నాన్నగారి భయం దీని గురించే అయితే అది న్యాయమైన భయం. అలాగని మానుకోవలసిన పని కాదది. పక్కన ఏ పని పెట్టుకోవాలన్నదే ఆలోచించవలసిన సంగతి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా గవర్నరుపేటలో ఒక ముద్రణాలయంలో పనిచేశాను. యంత్రాల హోరు నన్ను బాధించదని చేర్చుకున్నారు. మొదట సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌ని. గుణింతాలకు ఒక గడి, ఒత్తులకు ఒక గడి, ప్రతి అక్షరమూ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండేది. నాకు తెలుగు అబ్బింది ఆ అక్షరాల పెట్టెల ముందు నిలబడే. తరువాత కంప్యూటర్లు వచ్చాయి, ప్రూఫులు దిద్దే పనికి మారాను. ఆ జీతమే నాతో నాటకాలు వేయించింది. కానీ ఆ పనికీ నాటకానికీ ఎక్కడా చుట్టరికం లేదు. పగలంతా సీసం పట్టుకున్న వేళ్ళను సాయంత్రం ఆరింటికి మళ్ళీ నిద్రలేపాలంటే ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ అవస్థ నీకు వద్దు. నా కాలంలో లేని దారి నీకు ఉంది. పాఠం చెప్పు. నాటకం కోసమే పాఠం చెప్పు.

ఎందుకో చెబుతాను. యాభై దాటాక, వారానికి రెండు సాయంత్రాలు వినగలిగినవాళ్ళకు సంజ్ఞలు నేర్పడం మొదలుపెట్టాను. ఆ తరగతికి వచ్చే నర్సు ఒకావిడ ఒకరోజు అడిగింది: "మాష్టారూ, నొప్పి అన్నప్పుడు మీ భుజం ఎందుకు ముందుకు వస్తుంది? అది కూడా సంజ్ఞలో భాగమేనా?" నేను చిన్నప్పటినుంచీ ఆ మాట అంటున్నాను. నా భుజం కదులుతుందని నాకే తెలియదు. ఆ రాత్రి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఆ తరువాత వేసిన నాటకంలో నాది ముసలి తండ్రి వేషం. "నాకేమీ నొప్పి లేదు" అని కొడుకుతో అనే చోట, చేతులు మాట చెబుతుండగా భుజాన్ని బలవంతంగా ఆపాను. తండ్రి నొప్పిని దాస్తున్నాడని చివరి వరసలో ఉన్నవాళ్ళకు కూడా అర్థమైంది. అన్నేళ్ళ నటన నేర్పనిది ఆ నర్సు అడిగిన ఒక్క ప్రశ్న నేర్పింది. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషను మనం చూడం. ఇంకొకరికి నేర్పవలసి వచ్చినప్పుడే చూస్తాం.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. అమెరికాలో బెర్నార్డ్ బ్రాగ్ అనే బధిర నటుడు ఉండేవాడు. 1956లో ఫ్రెంచి మూకాభినయ నటుడు మార్సెల్ మార్సో ప్రదర్శన చూసి, ఆయన పిలుపు మీద పారిస్ వెళ్ళి ఆయన దగ్గర నేర్చుకున్నాడు. తిరిగివచ్చి బర్కిలీలోని బధిరుల పాఠశాలలో పాఠాలు చెబుతూనే క్లబ్బుల్లో ప్రదర్శనలు ఇచ్చాడు. 1967లో అక్కడ జాతీయ బధిర నాటక సంస్థ మొదలైనప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్ళలో ఆయన ఒకడు. ఒకే మనిషి దూరదృశ్యం, దగ్గరదృశ్యం, పాత్రల మార్పు అన్నీ సినిమా కెమెరాలా తన ఒంటితోనే చూపించే పద్ధతిని తీర్చిదిద్దింది ఆయనే. ఆ పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా బధిరులు వాడుతున్నారు. నువ్వు మొబైల్‌లో చూసి ముచ్చటపడుతున్న వీడియోలకు మూలం అదే. ఆస్కారు అందుకున్న బధిర నటులు మార్లీ మాట్లిన్ పేరు, ట్రాయ్ కోట్సర్ పేరు నీకు తెలుసు. ట్రాయ్‌కి ఆ బహుమతి వచ్చింది 2022లో. దాని వెనక ఆయన నాటక వేదికల మీద గడిపిన దశాబ్దాలు ఉన్నాయి. ఆ సంగతి కూడా తెలుసుకో.

ఇక నీకు వచ్చిన వేషం.

నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఒక సమాజం వాళ్ళు చెవిటి నౌకరు వేషం ఇచ్చారు. నా చేత నిజమైన సంజ్ఞ ఒక్కటి కూడా చేయించలేదు. నోరు తెరిచి బ్యా బ్యా అనాలి, చేతులు అడ్డదిడ్డంగా ఊపాలి, యజమాని నీళ్ళు అడిగితే చెప్పులు తేవాలి. వేషం దొరికిందన్న సంతోషంలో చెప్పినట్టే చేశాను. జనం నవ్వారు. నాకు వినబడదు కానీ భుజాలు కదలడం, పళ్ళు మెరవడం కనబడుతుంది. మూడో వరసలో నాతో చదువుకున్న కుర్రాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను పిలిస్తేనే వచ్చారు. రెండోసారి నవ్వులు లేచినప్పుడు వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు లేడు. అతనికి నేను క్షమాపణ చెప్పనేలేదు. ఆ సమాజంలో మళ్ళీ అడుగుపెట్టలేదు.

అందుకని, ఒప్పుకునే ముందు రాతప్రతి మొత్తం అడుగు. నీ దృశ్యాలు మాత్రమే ఇస్తామంటే వద్దను. మొత్తం చదువు. ఆ పిల్ల కథలో తనంతట తాను ఏమైనా చేస్తుందా, లేక ఇతరులు జాలిపడడానికో, ఎవరో ఒకరు ఆమె మీద దౌర్జన్యం చేయడానికో ఉందా, చూడు. చివర గొంతు పెగిలి "అమ్మా" అని కేకవేసే దృశ్యం ఉంటే ఆ వేషం తీసుకోకు. ఆ ముగింపును మన నాటికల్లో చాలాసార్లు చూశాను. చప్పట్లు వస్తాయి. ఆ చప్పట్ల అర్థం ఏమిటంటే, నువ్వు నీలా ఉన్నంతసేపూ కథ పూర్తికాలేదని. "మూగపిల్ల" అన్న మాట గురించి కూడా వాళ్ళతో మాట్లాడు. మన గొంతుకు ఏ లోపమూ లేదు, మనకొక భాష ఉంది. బధిర అని రాయమను, లేకపోతే ఆ పాత్రకు ఒక మంచి పేరు పెట్టి ఆ పేరుతోనే పిలవమను.

ఇవన్నీ సరిపడితే ఒప్పుకో. ఒప్పుకుంటూ ఇంకొక కోరిక కోరు: ఆ పాత్ర చెప్పే ప్రతి మాటా సంజ్ఞా భాషలో నువ్వే కూర్చాలి, ఆమెతో ఇంట్లో మసలే పాత్రధారులు తమ వంతు సంజ్ఞలు నీ దగ్గర నేర్చుకోవాలి. మంచి దర్శకుడు అయితే సంతోషిస్తాడు. విసుక్కుంటే అక్కడే తెలిసిపోతుంది. ఈ ఏడాది ఈ వేషం వేశావు సరే, వచ్చే ఏడాది బధిర పాత్ర కాని వేషం అడుగు. సత్యభామ వేషం అడుగు, కైక వేషం అడుగు. నువ్వు బధిరవి కాబట్టి బధిర పాత్రే వేయాలన్న నియమం ఎవరూ పెట్టలేదు.

నటన ఎక్కడ నేర్చుకోవాలని కూడా అడిగావు. నాకు నేర్పింది హాస్టలు వరండా. మా బడిలో చేతులతో మాట్లాడితే స్కేలు పెట్టి కొట్టేవాళ్ళు. పెదవులు చూసి గ్రహించాలి, నోటితోనే పలకాలి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, అదే మన మేలని నమ్మారు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో బధిరులకు చదువు చెప్పే విద్యావేత్తల మహాసభ ఒకటి జరిగి, బడుల్లో సంజ్ఞలు వద్దు, నోటి మాటే ముద్దు అని తీర్మానించింది. ఆ తీర్మానం నీడ కృష్ణా తీరం దాకా వచ్చి మా వేళ్ళ మీద పడింది. 130 ఏళ్ళ తరువాత, 2010లో, వాంకూవర్‌లో కూడిన అదే వరస మహాసభ దానికి విచారం తెలిపింది. అప్పటికి మా తరం సగం ముసలిదైపోయింది.

కానీ రాత్రి తొమ్మిది తరువాత వార్డెన్ వెళ్ళిపోయేవాడు. వరండా దీపం కింద చేరేవాళ్ళం. పై తరగతి అన్న ఒకడు ఆదివారం చూసివచ్చిన పౌరాణిక సినిమాను మొత్తం మాకు చెప్పేవాడు. కృష్ణుడు తనే, దుర్యోధనుడు తనే, ఏనుగు తనే, పగిలిన రథచక్రం కూడా తనే. హరికథ చెప్పే దాసుగారు ఒక్కరే అన్ని పాత్రలూ అయినట్టు. ఎడమకు భుజం తిప్పి పైకి చూస్తే చిన్నవాడు మాట్లాడుతున్నాడని, కుడికి తిప్పి కిందికి చూస్తే పెద్దవాడు జవాబిస్తున్నాడని మాకు క్షణంలో తెలిసేది. ఒకసారి ధర్మరాజును ఒకచోట నిలబెట్టాడంటే కథ అయ్యేదాకా ధర్మరాజు అక్కడే. గాలిలో కూడా ఎవరి చోటు వాళ్ళదే. ఇదంతా మన భాష వ్యాకరణమని నాకు పెద్దయ్యాక తెలిసింది. నువ్వు కూడా బధిర పెద్దలు ఉన్న చోటికి వెళ్ళు. వాళ్ళు కథలు చెప్పేటప్పుడు పక్కన కూర్చో. డెబ్బై ఏళ్ళ మనిషి తన పెళ్ళి గురించి ఎలా చెబుతాడో చూడు. ఏ శిక్షణ శిబిరమూ అంత నేర్పదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నీ వీడియోలో నాకు కనబడిన పెద్ద లోపం నీ చూపు.

నువ్వు నాలుగేళ్ళు కూచిపూడి నేర్చుకున్నావు, అది నీ ముఖంలో తెలుస్తోంది, మంచిదే. అయితే నాట్యంలో చెయ్యి ఎటు వెళితే చూపు అటు వెళ్ళాలని నేర్పుతారు. మన భాషలో మాట్లాడేటప్పుడు చూపు ఎదుటి మనిషి మీద ఉంటుంది, చేతుల మీద ఉండదు. చూపును చేతి మీదికి దించామంటే దానికి వేరే అర్థం ఉంది: ఇప్పుడు మాట చెప్పడం లేదు, వస్తువును చూపిస్తున్నాను, నువ్వూ ఇటే చూడు అని. నువ్వు ప్రతి సంజ్ఞకూ చేతి వెంట కళ్ళు తిప్పుతున్నావు. వినగలిగినవాళ్ళకు అది అందంగా కనిపిస్తుంది, బధిర ప్రేక్షకుడికి మాత్రం నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో తెలియదు. నాట్యంలోని ఒంటిచేతి ముద్రలు 28 ఉన్నాయి కదా, సంజ్ఞా భాష కూడా అలాంటిదే కదా అని నిన్ను చాలామంది అడుగుతారు. నాట్యంలో పాట మాట చెబుతుంది, ముద్ర దానికి రూపం ఇస్తుంది. మనకు వెనక పాట లేదు. చేతులు, కనుబొమలు, భుజాలు, పెదవులు కలిస్తేనే వాక్యం. "నువ్వు – వెళ్ళు – ఎక్కడ" అని ప్రశ్న మాట చివర పెట్టి, కనుబొమలు కదలకుండా ఉంచి చూడు. అది ప్రశ్నే కాదు.

రాయబారానికి ముందు వచ్చే పడక సీను నీకు తెలుసు. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు ముందు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు, అర్జునుడు తరువాత వచ్చి కాళ్ళ దగ్గర నిలబడతాడు. కృష్ణుడు కళ్ళు తెరవగానే మొదట కనబడింది అర్జునుడు. భారత యుద్ధంలో ఎవరి పక్షాన ఎవరు ఉంటారన్నది ఆ ఒక్క చూపుతో తేలిపోయింది. చిన్నప్పుడు ఈ సీను మా అమ్మ పక్కన కూర్చుని చూశాను. నటులు నోరు తెరిచి నిమిషాల తరబడి అలాగే ఉండేవాళ్ళు, జనం మళ్ళీ పాడమని అరిచేవాళ్ళు, హార్మోనియం వాయించే ఆయన తల ఊగుతూ ఉండేది. నాకు ఏమీ తెలిసేది కాదు. ముప్పై ఐదేళ్ళప్పుడు ఆ సీనును మన భాషలో మేమే వేశాం. నేను దుర్యోధనుడిని. పద్యాల్ని మాటకు మాట మార్చబోయి నెల రోజులు పాడుచేసుకున్నాం. చివరికి పద్యాలు పక్కన పెట్టి, ఈ సీను దేని గురించి అని మాలో మేమే ప్రశ్నించుకున్నాం. చూపు గురించి. అక్కడినుంచి దారి దొరికింది.

కృష్ణుడు కళ్ళు తెరిచాడు. దుర్యోధనుడు తల దగ్గర ఉన్నాడు, కృష్ణుడికి కనబడడు. వినగలిగిన దుర్యోధనుడైతే ఒక మాట అని తను ఉన్నట్టు తెలియజేయవచ్చు. మా దుర్యోధనుడు బధిరుడు, కృష్ణుడూ బధిరుడు. చూపు తిరిగేదాకా నా మాటలన్నీ గాలిలోనే. నేను చేతులెత్తి మాట్లాడుతూనే ఉన్నాను, ఎదురుగా ఉన్న ప్రేక్షకులకు అన్నీ అర్థమవుతున్నాయి, కృష్ణుడు మాత్రం అర్జునుడిని చూస్తున్నాడు. భుజం తట్టి పిలవడానికి అహంకారం అడ్డం. ఆ నిశ్శబ్దంలో ముందు వరసలోని బధిరులు ఏడ్చారు. ఇంట్లో భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుంటుంటే చెయ్యి ఎత్తి, ఎవరూ చూడక, మళ్ళీ దించుకున్న రోజులు వాళ్ళకు గుర్తుకు వచ్చాయి. దుర్యోధనుడి మీద జాలి కలిగిన పడక సీను నాకు తెలిసి అదొక్కటే.

పాత కథను తీసుకున్నప్పుడు ఇలా వెతుకు. మాటలకు సంజ్ఞలు అతికించకు.

వేదిక మీద నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని రాస్తాను, గుర్తున్న వరసలో. దీపాలు ఎదురుగా, ముఖం ఎత్తున పడాలి. పైనుంచి మాత్రమే పడితే కళ్ళ గుంటలు నల్లబడతాయి, కనుబొమలు పోతాయి, సగం వాక్యం పోతుంది. ఒంటి రంగుకు భిన్నమైన ఒకే రంగు బట్టలు వేసుకో, చారలు, పూలు వద్దు. గాజులు, ఉంగరాలు తీసేయి. పౌరాణికం అయితే భుజకీర్తులు, కిరీటం రిహార్సల్స్‌లో మొదటి వారం నుంచే పెట్టుకుని చెయ్యి ఎంత లేస్తుందో చూసుకో. నేను ఒకసారి ప్రదర్శన రోజే పెట్టుకుని, చెయ్యి చెవి దాకా లేవక సగం మాటలు మింగాను. బిందె పట్టుకుని ఉంటే మాట్లాడే ముందు బిందె దించాలి. ఆ దించడాన్ని కూడా నటనలో కలుపుకో, కోపంగా దించావా, మెల్లగా దించావా అన్నది కూడా మాటే. నువ్వు మాట్లాడుతుండగా పక్కవాళ్ళు కండువా సర్దుకోకూడదు. కదిలేదాని మీదికే కన్ను పోతుంది. తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రంలాంటి పెద్ద హాలులో సంజ్ఞ పెద్దది కావాలి, నిదానం కావాలి, కానీ ఆకారం చెడకూడదు. గ్రంథాలయం హాలులాంటి చిన్నచోట అదే కొలత పెడితే అరుస్తున్నట్టు ఉంటుంది.

మన పరిషత్తు నాటికల్లో దృశ్యం మారినప్పుడల్లా దీపాలు పూర్తిగా ఆర్పేస్తారు. వాళ్ళకు అది చీకటి మాత్రమే. మనకు లోకమే ఉండదు. నీ దృశ్యాల్లో చిన్న దీపం ఒకటి ఉంచమను, లేదా నడిచే దారిలో మెరిసే టేపు అంటించమను, ఒక మనిషి మోచెయ్యి పట్టి నడిపించేలా మాట్లాడుకో. ఎప్పుడు ప్రవేశించాలో తెలియడానికి ఎదుటి నటుడి కాలి అడుగునో, ఊపిరినో గుర్తు పెట్టుకో. చెక్క వేదిక అయితే డప్పు దెబ్బ అరికాళ్ళకు తెలుస్తుంది. సిమెంటు వేదిక అయితే ఏమీ తెలియదు, దాన్ని నమ్ముకోకు. ఇంకొకటి, దీన్ని మాత్రం గట్టిగా పట్టుబట్టు: నీ సంజ్ఞలకు గొంతునిచ్చే మనిషి మొదటి రిహార్సల్ నుంచే ఉండాలి. చివరి రోజు మైకు ఇచ్చి కూర్చోబెడితే ఆ మనిషి నీ మాటల తాత్పర్యం చెబుతాడు, నీ పాత్రను పలకడు.

డిప్లొమా విషయం. వెళ్ళు. ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పడింది. అక్కడ సంజ్ఞా భాష బోధనలో రెండేళ్ళ డిప్లొమా ఉంది, అది బధిరుల కోసమే పెట్టిన చదువు. భారత పునరావాస మండలి గుర్తింపు ఉంది. దుబాసీలు కాదలచిన వినగలిగినవాళ్ళకు వేరే డిప్లొమా, రెండింటినీ కలిపేసి పొరపడకు. ప్రవేశాల ప్రకటన, అర్హతలు కేంద్రం వెబ్‌సైట్‌లోనే చూసుకో, ఏజెంట్ల మాట వినకు. ఆ కేంద్రం 10,000 మాటల సంజ్ఞా నిఘంటువును 2021లో వెలువరించింది, వెళ్ళే లోపు రోజూ కొంత చూస్తూ ఉండు. అందులో ఒక సంజ్ఞ ఉండి, మన ఊళ్ళో పెద్దలు వేరేది వాడుతుంటే, రెండూ నేర్చుకో, రెండూ నేర్పు. ఊరి సంజ్ఞను తప్పని అనకు. యాసను తప్పని అనడం ఎంత అన్యాయమో తెలుగువాళ్ళకు వేరే చెప్పాలా.

నాన్నగారికి ఒక మాట. అయ్యా, 2016 చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో దివ్యాంగులకు 4 శాతం, అందులో బధిరులకు, వినికిడి తక్కువ ఉన్నవాళ్ళకు 1 శాతం కేటాయింపు ఉంది. బ్యాంకు పరీక్షల్లో వయసు సడలింపు కూడా ఉంటుంది. రెండేళ్ళు చదువుకుని వచ్చినా ఆ తలుపు మూసుకుపోదు. 2021 జూలైలో సంజ్ఞా భాషను చదువుల్లో ఒక భాషా సబ్జెక్టుగా గుర్తిస్తున్నట్టు ప్రకటించారు. దాన్ని నేర్పడానికి మనుషులు కావాలి. సొంత భాషగా మాట్లాడే మీ అమ్మాయి కంటే దానికి తగినవాళ్ళు ఎవరు?

అమ్మాయీ, తరగతి గదిలోకి వెళ్ళాక ఏం చేయాలో వాళ్ళు అక్కడ నేర్పుతారు. నేను రెండు మూడు మాత్రం చెబుతాను. వినగలిగిన విద్యార్థులు మొదటి రోజే అక్షరాలు నేర్పమంటారు, పేరు వేళ్ళతో రాసుకుని ఫొటో తీసుకుందామని. నేర్పకు. మొదటి గంట నోళ్ళు మూయించి కళ్ళు తెరిపించు. వాళ్ళు నీ చేతులు చూస్తారు, ముఖం చూడడం నేర్పాలి. మనవాళ్ళకు పదిమందిలో కనుబొమ ఎత్తడానికి కూడా సిగ్గు. ఆ సిగ్గు పోగొట్టడానికి నీ నటన పనికివస్తుంది. ఎవరైనా తప్పు చేస్తే నవ్వకు, మనల్ని చూసి నవ్వినప్పుడు ఎలా ఉండేదో మనకు తెలుసు. కిటికీకి వీపు పెట్టి నిలబడకు. నువ్వు నల్లని బొమ్మలా కనిపిస్తావు.

డబ్బు అడుగు. సెప్టెంబరు 23న సంజ్ఞా భాషల దినోత్సవానికి నిన్ను పిలుస్తారు, శాలువా కప్పుతారు, పోలీసులకో ఆసుపత్రి సిబ్బందికో రెండు గంటలు నేర్పమంటారు, సేవ అంటారు. అదే వేదిక మీద కంప్యూటర్ గురించి ఉపన్యాసం ఇచ్చినవాడికి పారితోషికం ఇస్తారు. గంటకు ఇంత, దారి ఖర్చులు ఇంత అని ముందే కాగితం మీద రాయించు. ఒక్క చోట మాత్రం డబ్బు అడగకు. బధిర పిల్ల పుట్టిన తల్లి వస్తే ఊరికే నేర్పు. మనలో పదిమందికి తొమ్మిదిమందికి పైగా వినగలిగిన తల్లిదండ్రులకే పుడతాం. ఆ తల్లి మొదటి ఏడాదిలోనే నేర్చుకుంటే ఆ పిల్ల బతుకు వేరుగా ఉంటుంది.

ఇది రాస్తుంటే మీ అమ్మగారు గుర్తుకు వస్తున్నారు. పోయిన సంక్రాంతికి మీ ఇంటికి వచ్చినప్పుడు గమనించాను. ఆమెకు నీతో చెప్పడానికి తిను, రా, పడుకో, వద్దు, స్నానం లాంటి సైగలు ఓ ఇరవై దాకా ఉన్నాయి. అన్నీ ప్రేమతో చేసినవే. కానీ అన్నీ ఆజ్ఞలే. ఒక్క ప్రశ్న కూడా లేదు. "ఎందుకు" అని ఆమె నిన్ను ఇంతవరకూ అడగలేదు, అడిగే సైగ ఆమె దగ్గర లేదు కాబట్టి. మా అమ్మ దగ్గర కూడా లేదు. ఆమె వెళ్ళిపోయేదాకా మా ఇద్దరి మధ్య ఆ మాట రాలేదు.

వచ్చే ఆదివారం అమ్మగారిని కూడా తీసుకుని రా. నాన్నగారు వస్తే మరీ మంచిది. గుంటూరులో ఉదయం ఏడింటి బస్సు ఎక్కండి, పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో దిగాక మెసేజ్ పెట్టు, నేను వస్తాను. నాటిక రాతప్రతి మర్చిపోకు. నల్లటి పంజాబీ డ్రెస్సు ఒకటి తెచ్చుకో, గాజులు ఇంట్లోనే తీసి పెట్టిరా. మేడ మీద గదిలో పదింటిదాకా మంచి వెలుతురు ఉంటుంది. ముందు అమ్మగారికి "ఎందుకు" నేర్పుతాను, ఆ తరువాత నీ చూపు సంగతి చూద్దాం.

నీ మాష్టారు